డాస్ రోల్స్ ఆన్‌లైన్ సేవ: చికసా మనిషి దొరుకుతాడు, భూమికి ఇంకో దారి పట్టాలి

అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ డాస్ రోల్స్‌ను, అంటే ఉమ్మడి భూమిని పంచడానికి చికసా లాంటి అమెరికా ఆదివాసీ జాతుల మనుషుల పేర్లు ఎక్కించిన పట్టీలను, ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. ఫీజు లేదు, లాగిన్ అక్కర్లేదు, కుటుంబానికొకటిగా రాసిన నమోదు కార్డుల బొమ్మలు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఎస్వీ యూనివర్సిటీలో చరిత్రో ఆంత్రోపాలజీయో చదివేవాళ్ళకు, తిరుపతి కోర్టుల్లో డీకేటీ భూముల కేసులు చూసే లాయర్లకు కూడా ఇది పనికొచ్చే సేవ. ఒక్కటే జాగ్రత్త: మీభూమిలో సర్వే నంబరు కొట్టి 1-బి తీసే అలవాటుతో ఇందులోకి దిగితే ఏమీ దొరకదు. ఇక్కడ వెతుకులాట మనిషి పేరుతో మొదలవుతుంది.

దానికి కారణం చరిత్రలోనే ఉంది. చికసాల భూమి జాతి మొత్తానికి ఉమ్మడి. 1837లో డోక్స్‌విల్ ఒప్పందం ప్రకారం చాక్టాలనే మరో ఆదివాసీ జాతికి 5,30,000 డాలర్లు ఇచ్చి వాళ్ళ భూభాగపు పడమటి వైపు నివసించే హక్కు కొనుక్కున్నారు. 1855 ఒప్పందంతో పాలన వేరుపడింది. 1856లో టిషోమింగో రాజధానిగా సొంత రాజ్యాంగం రాసుకున్నారు. సైరస్ హారిస్ తొలి గవర్నర్. ఎవరు సాగు చేస్తే వాళ్ళు అనుభవించేవాళ్ళు, అమ్ముకునే హక్కు మాత్రం ఎవరికీ లేదు. 1897 అటోకా ఒప్పందం, దాన్ని కలుపుకున్న 1898 కర్టిస్ చట్టం ఈ ఉమ్మడిని పంచేయమన్నాయి. పంచాలంటే ముందు వాటాదారులెవరో తేలాలి. అందుకే అమెరికా ప్రభుత్వం వేసిన డాస్ కమిషన్ మొదట మనుషుల పట్టీ కట్టింది. రికార్డు కట్టిన వరుసలోనే మనమూ వెతకాలి.

నేరుగా ఆర్కైవ్స్ కేటలాగ్‌లోకి పోకండి. ముందు ఓక్లహోమా హిస్టారికల్ సొసైటీ సైటులో తుది పట్టీ వెతికే పేజీ తెరవండి, అదీ ఉచితమే. ఇంటిపేరు కొడితే వయసు, కార్డు నంబరు, రోల్ నంబరు వస్తాయి. ఆ కార్డు నంబరుతో మళ్ళీ వెతికితే ఆ కుటుంబంలో పట్టీకెక్కిన మిగతావాళ్ళు బయటపడతారు. కార్డు బొమ్మ కోసం అప్పుడు ఆర్కైవ్స్ కేటలాగ్‌కు పోవాలి.

తొందరలో ఎక్కువ మంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. కార్డు నంబరు కుటుంబానిది, రోల్ నంబరు మనిషిది. పైగా ప్రతి జాతికీ, ప్రతి వర్గానికీ నంబర్లు మళ్ళీ 1 నుంచి మొదలవుతాయి. రక్తసంబంధం, పెళ్ళి సంబంధం, నవజాత శిశువులు, మైనర్లు, ఫ్రీడ్‌మెన్ (ఆ జాతివాళ్ళ దగ్గర ఒకప్పుడు బానిసలుగా ఉన్న నల్లజాతివాళ్ళు, వాళ్ళ పిల్లలు) అని వర్గాలు వేరువేరు. కాబట్టి ఉత్త నంబరు రాసుకుంటే లాభం లేదు, జాతి పేరూ వర్గమూ పక్కనే రాసుకోవాలి. 'టబ్బీ'తో ముగిసే ఇంటిపేర్లను గుమాస్తా విన్నట్టు రాశాడు, రెండు మూడు స్పెల్లింగులతో ప్రయత్నించండి. తుది పట్టీలో పేరు లేదంటే దరఖాస్తు లేదని అర్థం కాదు. సందేహపు కార్డులు 'డి' కింద, తిరస్కరించినవి 'ఆర్' కింద ఉంటాయి.

కార్డును పెద్దది చేసి తీరిగ్గా చూడండి. పై సగంలో పేరు, కుటుంబ పెద్దతో వరస, వయసు, రక్తపు పాలు (ఆ మనిషిలో జాతి రక్తం ఎంత వంతో చెప్పే భిన్నం), అంతకుముందు జాతి ప్రభుత్వం తీసిన పట్టీలో ఏ ఏడాది, ఏ కౌంటీలో ఉన్నారో రాసి ఉంటుంది. పాంటోటాక్, పికెన్స్, టిషోమింగో, పనోలా, చికసాల కౌంటీలు ఈ నాలుగే. కింది సగంలో తల్లిదండ్రుల పేర్లు. ఫ్రీడ్‌మెన్ కార్డులో ఇంకో గడి ఉంటుంది: ఈ మనిషి ఎవరి దగ్గర బానిసగా ఉన్నాడో ఆ యజమాని పేరు. తండ్రి చికసా అయినా, తల్లి ఒకప్పటి బానిస అయితే బిడ్డను ఫ్రీడ్‌మెన్ కిందే రాశారు. ఆ బిడ్డకు రక్తపు పాలు నమోదే కాలేదు. ఇప్పటికీ చికసా పౌరసత్వం రక్తసంబంధపు పట్టీ మీదే నిలబడి ఉంది కాబట్టి, ఆ ఒక్క గడి వారసులందరినీ బయటే ఉంచేసింది. ఆ కార్డులు చూస్తే మనసు చివుక్కుమంటుంది.

రక్తపు పాలు గడి భూమి విషయంలోనూ కీలకమే. 1902 అనుబంధ ఒప్పందం ప్రకారం సభ్యుడికి సగటు భూమి 320 ఎకరాల విలువకు సరిపడా వాటా, ఫ్రీడ్‌మెన్‌కు 40 ఎకరాల విలువకు సరిపడా. ఎకరాలు కాదు, విలువ లెక్క. మంచి నేల తీసుకున్నవాడికి ఎకరాలు తగ్గేవి. సభ్యుడి వాటాలో 160 ఎకరాలు హోమ్‌స్టెడ్, అంటే ఇంటి కోసం అట్టిపెట్టిన భాగం. బతికున్నంత కాలం అమ్మకూడదు, అయితే ఆ గడువు 21 ఏళ్ళు దాటదు. మిగతాది పట్టా వచ్చాక ఏడాదికి పావు, మూడేళ్ళకు పావు, అయిదేళ్ళకు మిగిలిన సగం అమ్ముకోవచ్చు. మన 1977 అసైన్డ్ భూముల చట్టం, 22-ఎ జాబితా తెలిసినవాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. 1908లో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) దీన్ని మార్చేసింది. రక్తపు పాలు సగం కంటే తక్కువున్నవాళ్ళకూ, ఫ్రీడ్‌మెన్‌కూ హోమ్‌స్టెడ్‌తో సహా ఆంక్షలన్నీ తీసేసింది. సగం నుంచి ముప్పావు లోపు వాళ్ళకు హోమ్‌స్టెడ్ మీదే ఉంచింది. ముప్పావు, ఆపైన ఉన్నవాళ్ళ భూమి మొత్తం ఆంక్షల్లోనే ఉండిపోయింది. ఒక అమ్మకం చెల్లుతుందా లేదా అన్నది గుమాస్తా రాసిన ఆ భిన్నం మీద ఆధారపడింది.

ఇక ఆ భూమి ఎక్కడుంది? కార్డు చెప్పదు. ఈ సేవలో పెద్ద లోటు ఇదే. ఎవరికి ఏ భూమి వచ్చిందో చెప్పే అలాట్‌మెంట్ ఫైళ్ళు టెక్సాస్‌లో ఫోర్ట్ వర్త్‌లోని ఆర్కైవ్స్ శాఖలో ఉన్నాయి. పేరు, జాతి, వర్గం, రోల్ నంబరు రాసి అడగాలి. వచ్చిన కాగితంలో మనలాగా సర్వే నంబరు, సబ్‌డివిజన్ ఉండవు. టౌన్‌షిప్, రేంజ్, సెక్షన్ ఉంటాయి. టౌన్‌షిప్ అంటే పొడవు, వెడల్పు ఆరేసి మైళ్ళ చదరం, అందులో 36 సెక్షన్లు. ఆ చదరం తూర్పు-పడమరగా ఎన్నో వరసలో ఉందో రేంజ్ చెబుతుంది. సెక్షన్ 640 ఎకరాలు, దాని పావు 160, పావులో పావు 40. అంత చిన్న ముక్కలతో వాటా పూర్తి చేసేవారు కాబట్టి ఒకే మనిషి భూమి నాలుగైదు చోట్ల చెదిరి ఉండొచ్చు. మొదటి ముక్క కనబడగానే ఆగిపోకండి.

అమెరికా కేంద్ర ప్రభుత్వపు భూమి పట్టాల సైటులో వెతికి టైం వృథా చేసుకోకండి. ఈ పట్టాలు అక్కడి నుంచి పుట్టలేదు. చాక్టా ప్రిన్సిపల్ చీఫ్, చికసా గవర్నర్ ఇద్దరూ సంతకం పెట్టిన జాతి పట్టాలు ఇవి. 1906 చట్టం జాతి ప్రభుత్వాన్ని పూర్తిగా రద్దు చేయకుండా కుదించి ఉంచింది. గవర్నర్ నియామకం అమెరికా అధ్యక్షుడి చేతికి పోయింది. డగ్లస్ జాన్‌స్టన్ 1939లో చనిపోయేదాకా ఆ పదవిలో ఉన్నారు. 1970 చట్టం వచ్చాకే, 1971లో చికసాలు మళ్ళీ తమ గవర్నర్‌ను ఓటుతో ఎన్నుకోగలిగారు. 1983లో కొత్త రాజ్యాంగం వచ్చింది.

ఈ పాలన చరిత్ర డాస్ రోల్స్‌లో ఉండదు, అది కమిషన్ రాసుకున్న రికార్డు. చికసా శాసనసభ, కోర్టుల సొంత కాగితాలకు ఓక్లహోమా హిస్టారికల్ సొసైటీనీ, సల్ఫర్ పట్టణంలో చికసాలే నడుపుతున్న హొలిస్సో పరిశోధన కేంద్రాన్నీ అడగాలి. మనుషుల్ని వెతకడానికి ఈ సేవకు అయిదుకు నాలుగున్నర, భూమికైతే రెండు. థీసిస్ గడువు దగ్గరపడిందంటే, కార్డు చేతికొచ్చిన రోజే ఫోర్ట్ వర్త్‌కు ఉత్తరం రాసేయండి.