మెయిన్‌ఫ్రేమ్ మార్చేవాళ్లకు జాగ్రత్త: లైసెన్స్ కీ చేతికొచ్చేదాకా పాత పెట్టె కదపకండి

మెయిన్‌ఫ్రేమ్ మీద బ్యాచ్ పనులను వేళకు నడిపించే ఆ జాబ్ షెడ్యూలర్ సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీదో ఈ రంగంలో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, పేరు రాయను. రెన్యూవల్ దగ్గరపడినవాళ్లు ఇది చదివాకే సంతకం పెట్టండి.

480 ఎంఎస్‌యూల (మెషీన్ సామర్థ్యం కొలిచే యూనిట్లు) మెషీన్ తీసేసి 720ది పెట్టాం. పనేమీ పెరగలేదు. నాలుగు గంటల రోలింగ్ యావరేజ్ (ఎప్పటికప్పుడు గత నాలుగు గంటల వాడకం సగటు) పీక్ అప్పుడూ 310, ఇప్పుడూ 310. ఐబీఎమ్ సబ్-కెపాసిటీ (మెషీన్ మొత్తానికి కాక వాడకానికే వేసే) బిల్లు ఆ పీక్ మీదే కాబట్టి అటువైపు గొడవ లేదు. షెడ్యూలర్ కంపెనీవాళ్లూ "మీరు వాడినంతకే సార్" అన్నారు. ఫోన్లో! కాగితం మీదేమో "ఇన్‌స్టాల్ చేసిన ప్రాసెసర్ మొత్తం రేటెడ్ కెపాసిటీ" అని ఉంది. ఎల్‌పార్‌కు (మెషీన్‌లో విడదీసిన ఒక వాటా) డిఫైన్డ్ కెపాసిటీ, అంటే వాడకం పరిమితి, 320 పెట్టుకో, గ్రూప్ క్యాప్ (కొన్ని ఎల్‌పార్‌లకు కలిపి పరిమితి) బిగించుకో, వాళ్ల లెక్క 720కే. ఏళ్ల తరబడి ఎస్‌సీఆర్‌టీ (ఆ వాడకం పీక్ లెక్కగట్టే ఐబీఎమ్ టూల్) రిపోర్టులు చూస్తూ ఈ ఒక్క వాక్యం చదవని మా తెలివికి దండం పెట్టాలి.

అసలు మంట ఇది కాదు. షెడ్యూలర్ లైసెన్స్ కీ సీపీయూ సీరియల్ నంబరుకు కట్టేసి ఉంటుంది, కొత్త పెట్టెకు కొత్త కీ కావాలి. మూడు వారాల ముందే అడిగితే రోజూ "ప్రాసెస్‌లో ఉంది" అన్నారు. కటోవర్ (కొత్త మెషీన్‌కు మారడం) ఆదివారం. శుక్రవారం సాయంత్రం ఆరింటికి మెయిల్: ముందు అప్‌గ్రేడ్ ఆర్డర్ మీద సంతకం, తర్వాతే కీ. షెడ్యూలర్ లేవకపోతే రాత్రి బ్యాచ్ మొత్తం నిలిచిపోతుందని వాళ్లకు తెలియదా? తెలిసే శుక్రవారం దాకా ఆగారు. తాత్కాలిక కీ అడిగితే "మెషీన్ మీరు పెంచుకుంటే మాది ఊరికే పెరగాలా?" అన్నాడు ఆ మహానుభావుడు. సంతకం పెట్టిన గంటలో కీ వచ్చింది. మూడు వారాల ప్రాసెస్ గంటలో అయిపోయింది మరి!

సరే, మీరైనా ఇలా చేయండి. చార్జీ ఎస్‌సీఆర్‌టీ పీక్ మీదా, మెషీన్ రేటింగ్ మీదా అన్నది కాంట్రాక్టులోనే రాయించుకోండి. ఎస్‌సీఆర్‌టీ అయితే ఎస్‌ఎమ్‌ఎఫ్ (సిస్టమ్ తన వాడకం రాసుకునే లాగ్) 70, 89 రికార్డులు పోగొట్టుకోవద్దు, 95 శాతం డేటా లేకపోతే రిపోర్టుతోనే చిక్కు. రేటింగ్ మీదే అంటే మెషీన్ ఆర్డర్ చేసేటప్పుడే తక్కువ స్పీడ్ మోడల్ చూడండి. జావా, డీబీ2 (ఐబీఎమ్ డేటాబేస్) పని ఎక్కువుంటే జడ్‌ఐఐపీ ఇంజన్లు (అలాంటి పనులకే ఉన్న ప్రత్యేక ప్రాసెసర్లు) కొనండి, అవి ఎంఎస్‌యూ రేటింగులో లెక్కకు రావు. అయితే ఐఐపీహానర్‌ప్రయారిటీ అనే సెట్టింగ్ యస్‌లో ఉంటే, జడ్‌ఐఐపీలు చాలనప్పుడు ఆ పని మామూలు ఇంజన్ల మీదకు పొంగి పీక్ పెంచుతుంది.

కొత్త సీరియల్‌కు కీ ఎన్ని రోజుల్లో ఇవ్వాలో కూడా కాంట్రాక్టులో ఉండాలి. డీఆర్ (విపత్తులో వాడే బ్యాకప్) మెషీన్ సీరియల్ కూడా అందులోనే చేర్చండి, లేదంటే డ్రిల్ రోజు ఇదే బేరం.