కుక్కతో టూర్: హోటల్ గదా, విడి ఇల్లా?

కుక్కను వెంటబెట్టుకుని సెలవులకు వెళ్లేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: హోటల్లో దిగాలా, ఇల్లు మొత్తం అద్దెకు తీసుకోవాలా? బుకింగ్ సైట్లలో ‘పెట్స్ అలౌడ్’ ఫిల్టర్ పెట్టి వెతకడం అందరికీ తెలిసిందే. చిక్కంతా ఆ తర్వాతే.

నా లెక్కలో తేల్చుకోవాల్సిన విషయం ఒక్కటే. కుక్కను లోపల ఒంటరిగా వదిలి మనం బయటికి వెళ్లొచ్చా, లేదా? చాలా హోటళ్లు కుక్కను రానిస్తాయి గానీ గదిలో ఒంటరిగా ఉంచనివ్వవు. కొన్ని చోట్ల క్రేట్‌లో (కుక్కను ఉంచే బోనులాంటి పెట్టె) పెడితేనే ఒప్పుకుంటారు. డైనింగ్ హాల్లోకి ఎలాగూ రానివ్వరు కాబట్టి ఒకరు తిని వచ్చేదాకా ఇంకొకరు గదిలో కాపలా ఉండాలి. కాసేపు కారులో ఉంచుదామా అంటే, ఆ ఆలోచనే వద్దు. ఎండలో ఆపిన కారు లోపల 10 నిమిషాల్లోనే వేడి సుమారు 10 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. అద్దాలు కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూ వేడి తగ్గించుకోవాల్సిందే.

హోటల్‌వాళ్లు సరేనన్నా కుక్క ఊరుకోవాలి కదా. మనకు 20,000 హెర్ట్జ్ దాటితే వినపడదు, కుక్క 40,000 దాటినా వింటుంది. ట్రాలీ చక్రాలు, లిఫ్ట్ తలుపు, పక్క గది తాళం, అన్నీ దానికి కొత్త చప్పుళ్లే. మావాడైతే తలుపు కింది సందుకు ముక్కు ఆనించి పడుకుంటాడు. ఎవరైనా అటుగా నడిస్తే ముందు చెవులు నిక్కబొడుస్తాడు, ఆ అడుగులు మా తలుపు దగ్గర ఆగాయో, ఇక అరుపులే. అలాంటప్పుడు బయటికెళ్లినా మనసంతా గదిలోనే ఉంటుంది.

విడి ఇంట్లో ఈ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. గోడ అవతల మనుషులు ఉండరు, అర్ధరాత్రి దానికి అవసరమైతే లిఫ్ట్ కోసం ఎదురుచూడకుండా తలుపు తీస్తే చాలు. వంటగది ఉంటుంది కాబట్టి దానికి అలవాటైన తిండే పెట్టొచ్చు. అందుకే రెండు మూడు రాత్రులకు మించి ఉండేటట్టయితే నా ఓటు ఇంటికే. అయితే ‘కాంపౌండ్ ఉంది’ అన్న మాట నమ్మి ఊరుకోవద్దు. గేటు కింద సందు ఎంత ఉందో తెలిసేలా, పక్కన చెప్పు పెట్టి ఫొటో తీసి పంపమని అడగండి. చిన్న జాతి కుక్కకు చెప్పు దూరేంత సందు చాలు. దిగగానే, కుక్కను విప్పకముందే, ఫ్రిజ్ వెనక, సింకు కింద ఎలుకల మందు ఉందేమో చూడాలి. ఇళ్లవాళ్లు పెట్టి మర్చిపోతుంటారు. ఖర్చు విషయానికొస్తే, క్లీనింగ్ ఫీజు, పెట్ ఫీజు విడివిడిగా పడి మొత్తం హోటల్‌ను దాటిపోవచ్చు. ఒంటరిగా వదలకూడదనే షరతు కొన్ని ఇళ్లకూ ఉంటుంది.

దారిలో ఒక్క రాత్రి ఆగడానికి మాత్రం హోటలే నయం. చాలా హోటళ్లలో ఏ వేళకు చేరినా రిసెప్షన్‌లో మనిషి ఉంటాడు. కింది అంతస్తులో, లిఫ్ట్‌కు దూరంగా, వరండా చివరి గది అడగండి. మెట్లెక్కలేని ముసలి కుక్కకు అది ఇంకా అవసరం.

టెంట్లంటే నెమ్మదస్తులైన కుక్కలకే. పొద్దున్నా సాయంత్రం చెవుల వెనక, వేళ్ల మధ్య గోమార్ల కోసం వెతకాలి. ఇక కుక్కను బోర్డింగ్‌లో (కుక్కలను చూసుకునే చోట) వదిలి వెళ్లేవాళ్లు దానికి రేబిస్‌తో పాటు కెన్నెల్ కాఫ్ (ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటుకునే దగ్గు) టీకా కూడా ముందుగానే వేయించాలి.

ఎక్కడ దిగినా సరే, డబ్బు కట్టకముందే కుక్క జాతి, బరువు చెప్పేయండి. బరువుకు పరిమితి పెట్టే చోట్లు చాలానే ఉన్నాయి. ఒంటరిగా వదలొచ్చా అన్నది మాత్రం ఫోన్లో అడిగి వదిలేయకుండా, మెసేజ్‌లో అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.