కార్డు బాకీకి నోటుబుక్కు, ఐదు కవర్లు: రెండేళ్లు వాడాక

మాది మిర్యాలగూడ. మా ఆయన రైసుమిల్లులో గుమాస్తా, జీతం 24 వేలు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను, నెలకు అటూఇటుగా 8 వేలు వస్తాయి. 2023 నవంబర్ నాటికి రెండు క్రెడిట్ కార్డుల మీద మా బాకీ 1,84,000. అత్తమ్మ మోకాలు ఆపరేషన్‌తో మొదలై, బాబు కాలేజీ ఫీజు, చివరికి కిరాణం కూడా కార్డు మీదికే ఎక్కింది. దాన్ని తీర్చడానికి 2025 బతుకమ్మ దాకా మేం వాడినవి ఒక నోటుబుక్కు, ఐదు కాగితం కవర్లు, ఒక బంగారం లోను.

అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది నోటుబుక్కు మొదటి పేజీయే. ఏడాదిన్నరగా మినిమం, అంటే బిల్లులో కనీసం ఇంత కట్టాలని చూపే మొత్తమే, కట్టుకుంటూ వచ్చాం, బాకీ మాత్రం కదల్లేదు. ఎందుకో ఆ పేజీలో తేలింది. కార్డు మిత్తి నెలకు మూడున్నర శాతం, అంటే 6,440. ఆ మిత్తి మీద 18 శాతం జీఎస్‌టీ ఇంకో 1,159. మేం కట్టే మినిమం 9,200లో 7,599 వీటికే పోతే అసలులో తగ్గేది 1,601. దానికితోడు అదే కార్డుతో మళ్లీ సరుకులు తెచ్చేవాళ్లం. పాత బాకీ పూర్తిగా కట్టనప్పుడు కొత్తగా కొన్నదానికి మిత్తి లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే లెక్క మొదలవుతుంది. ఇది నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ పేజీ చూసి మా అన్న అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "చెల్లే, నూటికి నాలుగు రూపాయల మిత్తి కడ్తున్నవా? మన ఊళ్లె మూడు రూపాయలంటేనే దండం పెట్టి లేస్తరు గదా!" శాతాల్లో చూసినన్నాళ్లూ తగలని దెబ్బ, నూటికి ఇన్ని రూపాయలని వినేసరికి తగిలింది. మీ ఇంట్లో కార్డు బాకీ ఉంటే మొదట ఇలా లెక్క వేసి చూడండి.

ఆ వారంలోనే నా మూడు తులాల గొలుసు బ్యాంకులో పెట్టి లక్ష తీసుకున్నాం. ఏడాదికి 9 శాతం, అంటే నూటికి ముప్పావలా. 98 వేల కార్డు ఒక్క దెబ్బకు తీరింది, మిగిలిన రెండు వేలు రెండో కార్డుకు వేశాం. లక్షకు నాలుగు వేలు దాటే మిత్తి 750కి దిగింది. చుట్టాల పెళ్లిళ్లకు ఆ గొలుసు లేకుండా వెళ్లడం కష్టంగానే ఉండేది, అబద్ధమాడను. గడువు ఏడాదే, కాబట్టి ఒకసారి తిరగరాయించుకోవాల్సి వచ్చింది.

ఇక కవర్లు. జీతం పడ్డ రోజే కార్డుకు 9,000, బంగారానికి 750 కట్టేసి, కిరాయి, కరెంటు, గ్యాస్ పక్కన పెట్టి, మిగిలింది నగదుగా తెచ్చి ఐదు కవర్లలో వేసేదాన్ని: కిరాణం-పాలు, కూరగాయలు, బాబు ఖర్చు, మందులు, పండుగలు. మొదటి నాలుగు నెలలు కూరగాయల కవరు 20వ తేదీకే ఖాళీ. పచ్చిపులుసు, పప్పుచారుతో నెట్టుకొచ్చాం. పండుగల కవర్లో నెలకు 500 పడేది, చెరువుగట్టు జాతరకు దాంట్లోంచే వెళ్లాం. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయ్యాక, లైనింగ్ బట్టకు నల్గొండ పోయిన ప్రతిసారీ మిగిలిన చార్జీ కూడా ఆ కవర్లోనే వేశాను.

ఈ పద్ధతికి పెద్ద లోపం ఫోను. చాయ్, పెట్రోలు, బాబు రీచార్జి, అన్నీ యూపీఐలో పోతుంటే కవరు చూసి ఏం లాభం? మూడు నెలలు లెక్క కుదరలేదు. చివరికి మా ఆయన ఫోనుకు వేరే ఖాతా కలిపి, నెలకు 1,500 మాత్రమే అందులో వేశాం. అది కిరాణం కవర్లోంచి తీసిన డబ్బే, కాబట్టి ఇంట్లో మాటామాటా కూడా అయింది. అయినా అదొక్కటే పనిచేసింది.

మధ్యలో బాకీని ఈఎంఐగా మార్చుకోమని ఫోన్లు వచ్చాయి. ప్రాసెసింగ్ ఫీజు, మిత్తి, మిత్తి మీద జీఎస్‌టీ కలిపి నోటుబుక్కులో వేసి చూస్తే బంగారం లోను కంటే చాలా ఎక్కువ పడింది, వద్దన్నాం. బంగారం లేని ఇంటికి మాత్రం మినిమం కంటే అదే నయం.

2024 అక్టోబర్‌లో రెండో కార్డు తీరింది. తీరిందనుకున్న మరుసటి నెల 412 రూపాయల బిల్లు వచ్చింది. బిల్లు తయారైన రోజుకూ మేం కట్టిన రోజుకూ మధ్య మిత్తి అది. అదీ కట్టాకే ఆ కార్డు మూసేయమని బ్యాంకుకు రాతపూర్వకంగా పంపాను. బాకీ లేనప్పుడు 7 పనిదినాల్లో మూయకపోతే రోజుకు 500 చొప్పున బ్యాంకే మనకు ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన. ఆ మాట ఉత్తరంలో రాశాను, ఐదో రోజుకే మూసేశారు.

ఆ తర్వాత అదే 9,000 బంగారం లోనుకు మళ్లింది, దసరా జాకెట్ల డబ్బు కూడా కలిసింది. 2025లో ఎంగిలిపూల బతుకమ్మకు రెండు రోజుల ముందు గొలుసు ఇంటికొచ్చింది. మొదటి కార్డు ఒకటి ఉంచుకున్నాం, లిమిట్ 20 వేలకు తగ్గించి, బిల్లు మొత్తం ఖాతాలోంచి దానంతటదే కట్టేలా పెట్టించి. అదిప్పుడు బీరువాలో, మందుల కవర్లో ఉంది.