ఆయా కోసం ఏజెన్సీకి కమిషన్ కట్టేముందు అగ్రిమెంట్ వెనక పేజీ చదవండి

ఏజెన్సీ పేరు రాయడం లేదు. హైదరాబాద్‌లో కొండాపూర్, గచ్చిబౌలి, మియాపూర్ వైపు పసిబిడ్డ కోసం ఆయాను వెతికినవాళ్లకు ఇలాంటిది ఒక్కటైనా తగిలే ఉంటుంది. ఇంకొకరు కట్టకముందే తెలియాలని రాస్తున్నాను.

ఇరవై నాలుగు గంటలూ ఇంట్లోనే ఉండే ఆయా, నెలకు 20,000 జీతం. ఏజెన్సీకి కమిషన్ ఒక నెల జీతం, దాని మీద 18 శాతం జీఎస్టీ 3,600, రిజిస్ట్రేషన్ 2,000. మొత్తం 25,600 ముందే కట్టించుకున్నారు. పదకొండు నెలల అగ్రిమెంట్, రెండు రీప్లేస్‌మెంట్లు, అంటే మనిషి వెళ్లిపోతే ఇంకొకరిని పంపడం, ఉచితం అన్నారు. నెలన్నరకే ఆయాను ఊరికి పంపాలన్నారు, తల్లికి బాగాలేదట. ఆ వారంలోనే ఆమెను ఇంకో అపార్ట్‌మెంట్‌లో పెట్టింది ఈ ఏజెన్సీయే. ఆ మాట ఆయానే ఫోన్ చేసి చెప్పింది, పాపం, ఏడుస్తూ.

రీప్లేస్‌మెంట్ అడిగితే అవతలి నుంచి వచ్చిన జవాబు: "మీ రెండు రీప్లేస్‌మెంట్లూ అయిపోయాయి మేడం."

ఒక్క మనిషి కూడా గుమ్మం తొక్కలేదు, ఎలా అయిపోతాయి? వాట్సాప్‌లో ఇద్దరి ఫోటోలు పంపారు. ఒకామెకు అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు, బిడ్డను ఎత్తుకుని మెట్లు దిగలేనని ఆమే చెప్పింది. రెండో ఆమె వంటమనిషి, నెలల పిల్లల్ని ఎప్పుడూ చూసుకోలేదట. ఇద్దరినీ వద్దన్నాం. ఆ రెండు "వద్దు" మెసేజ్‌లనే రెండు రీప్లేస్‌మెంట్ల కింద రాసేసుకున్నారు. అగ్రిమెంట్ ముందు పేజీలో పెద్ద అక్షరాలతో "రెండు ఉచిత రీప్లేస్‌మెంట్లు" అని ఉంది. వెనక పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో, "అభ్యర్థి వివరాలు పంపినంతనే రీప్లేస్‌మెంట్ పూర్తయినట్లు పరిగణించబడును" అని ఉంది. సంతకం చేయించుకునేటప్పుడు ఆ పేజీ తిప్పనివ్వరు, "అదంతా మామూలే మేడం" అంటారు.

డబ్బు వెనక్కి ఇవ్వమంటే, ఏజెన్సీ అతను "మనిషిని నిలబెట్టుకోవడం మీకు చేతకాకపోతే మేమేం చేస్తాం?" అని ఫోన్ పెట్టేశాడు. సోమవారం ఉద్యోగంలో చేరాల్సిన పిల్లతల్లితో మాట్లాడే తీరేనా ఇది! పోయిన డబ్బు కంటే ఆ మాటే ఇంకా మండిస్తోంది.

వీళ్లకు ఈ ధైర్యం ఊరికే రాదు. మొదటి ఇద్దరు పిల్లలకు ప్రసూతి సెలవు 26 వారాలు. అందులో 8 వారాల దాకా ప్రసవానికి ముందే వాడుకోవచ్చు. అలా వాడుకున్న తల్లి తిరిగి ఆఫీసుకు వెళ్లేనాటికి బిడ్డకు 18 వారాలే, నాలుగు నెలలు దాటి కొన్ని రోజులు. చాలా డేకేర్లు ఆరు నెలలు నిండందే తీసుకోవు, కొన్ని ఏడాది నిండాలంటాయి. సరిగ్గా ఆ ఖాళీలో ఉన్న తల్లులే వీళ్లకు ఫోన్ చేస్తారు. ఆఫీసులో చేరే తేదీ చెప్పగానే మీకు బేరమాడే టైం లేదని వాళ్లకు అర్థమైపోతుంది. అందుకే మొదటి ఫోన్‌లో ఆ తేదీ చెప్పకండి.

రెండోది, వీళ్ల ఆదాయం ముఖ్యంగా కమిషన్ మీదే. ఆయా మీ ఇంట్లో పదకొండు నెలలు ఉంటే వాళ్లకు ఒక్క కమిషన్. నెలన్నరకోసారి ఇల్లు మారిస్తే ఏడాదికి ఏడెనిమిది. జీతం తమ ఖాతాలోనే వేయమనేది అందులోనూ కొంత మిగుల్చుకోవడానికే. మన 20,000లో ఆయా చేతికి వెళ్లేది 15,000 అని ఆమె నోటితోనే విన్నాం. శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చిన మనిషి, ఒరిజినల్ ఆధార్ కార్డు ఏజెన్సీ బీరువాలో ఉంటే ఎదురు చెప్పగలదా? ఆయాల మీద కోపం పెట్టుకోకండి, వాళ్లను మనకంటే ఎక్కువ దోచుకుంటున్నారు.

ఇప్పుడు లెక్క. 25,600 పదకొండు నెలలకు పంచితే నెలకు 2,300 చిల్లర. నెలన్నరకే మనిషి వెళ్లిపోతే అదే నెలకు 17,000 పైన. అంటే 20,000 ఆయా మీకు 37,000 పడినట్టు. ఏజెన్సీ వాళ్లు చెప్పేది జీతం ఒక్కటే, మిగతాది మీరు కలుపుకోవాలి. జీతం ఏడాదికి 2,40,000. తిండి, సబ్బులు, నూనె, ఫోన్ రీచార్జి కలిపి నెలకు 3,500 వేసుకున్నా 42,000. దసరాకో సంక్రాంతికో ఒక నెల బోనస్ 20,000. ఊరికి రెండుసార్లు రానుపోను టికెట్లు 4,000. కమిషన్ 25,600. అంతా 3,31,600, నెలకు 27,600. ఇది ఒక్క ఆయా ఏడాదంతా నిలబడితేనే. నెలకు నాలుగు సెలవులు వాడుకోకపోతే ఆ రోజుల కూలి వేరే ఇవ్వాలి, అది న్యాయం కూడా.

డేకేర్ అదే ఏరియాలో, పొద్దున్నుంచి సాయంత్రం దాకా 12,000 అనుకోండి. ఏడాదికి 1,44,000. అడ్మిషన్ 10,000, అది వెనక్కి రాదు. భోజనం నెలకు 1,500 చొప్పున 18,000, ఆటో 2,500 చొప్పున 30,000. మొత్తం 2,02,000, నెలకు 16,800. ఆయాకూ డేకేర్‌కూ తేడా నెలకు పదివేలకు పైనే. కానీ డేకేర్ లెక్కలో కనపడని ఖర్చు ఒకటుంది. జ్వరం ఉంటే బిడ్డను లోపలికి రానివ్వరు, తగ్గాక ఒక రోజు ఆగి తీసుకురమ్మంటారు. చేర్చిన కొత్తలో జలుబు, జ్వరం మాటిమాటికీ వస్తాయి. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరుంటారు, ఎవరి సెలవు పోతుంది అనేది చేర్చకముందే తేల్చుకోవాలి. సాయంత్రం ఆలస్యమైతే పావుగంటకింత అని వేస్తారు, ఐటీ కారిడార్ ట్రాఫిక్‌లో అది నెలకు రెండువేలు దాటడం పెద్ద విషయం కాదు.

డేకేర్ చూడ్డానికి పగలు పదకొండింటికి వెళ్లకండి, అప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. సాయంత్రం ఆరున్నరకు వెళ్లండి. సగం స్టాఫ్ వెళ్లిపోయాక ఎంతమంది పిల్లలకు ఎంతమంది మిగిలారో అప్పుడు తెలుస్తుంది. ఏడాదిలోపు పిల్లలైతే ఒక ఆయాకు ముగ్గురు నలుగురికి మించితే నేనైతే చేర్చను. సీసీ కెమెరా హాల్లోనే ఉందా, పడుకోబెట్టే గదిలో కూడా ఉందా అడగండి. తల్లిపాలు పిండి పంపేవాళ్లు ఫ్రిజ్ తెరిచి చూడండి. మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టించుకునేచోట, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారో రసీదు మీదే రాయించండి.

ఈ రెండే దారులు అనుకోకండి. అమ్మమ్మో నానమ్మో ఇంట్లో ఉంటే ఎనిమిది గంటల ఆయా చాలు. ఎత్తుకోవడం, స్నానం, బట్టలు ఆమె చూస్తుంది, పెద్దావిడ కళ్లముందే జరుగుతుంది. ఆ పనికి పక్క బస్తీ నుంచి వచ్చేవాళ్లు పదివేల లోపు దొరుకుతారు, వాచ్‌మన్‌ను అడిగితే చాలు, కమిషన్ ఉండదు. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు పిల్లల తల్లులు కలిసి ఒక ఆయాను పెట్టుకుంటే ఆమెకు 24,000 ఇచ్చినా ఒక్కో ఇంటికి 12,000. అయితే ఎవరింట్లో, ఒక బిడ్డకు జ్వరం వస్తే ఏం చేయాలి అన్నవి ముందే మాట్లాడుకోవాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్, అంటే పని వేళల్లో పిల్లల్ని చూసుకునే చోటు, కల్పించాలి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చిన హక్కు ఇది, రోజుకు నాలుగుసార్లు తల్లి వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. హెచ్‌ఆర్‌ను ఈమెయిల్‌లో అడగండి, నోటిమాటగా అడిగితే నోటిమాటగానే దాటేస్తారు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు పాల్నా పథకం కింద అంగన్‌వాడీ క్రెష్‌లున్నాయి. అన్ని చోట్లా లేవు, మీ అంగన్‌వాడీ టీచర్‌ను అడిగితే చెబుతారు.

ఏజెన్సీ తప్ప గతి లేనివాళ్లు ఇవి చేయండి. జీఎస్టీ వేస్తున్నారంటే బిల్లు మీద 15 అంకెలు, అక్షరాల నంబరు ఉండాలి. తెలంగాణది 36తో, ఆంధ్రప్రదేశ్‌ది 37తో మొదలవుతుంది. దాన్ని జీఎస్టీ వెబ్‌సైట్‌లో కొడితే ఎవరి పేరు మీద ఉందో, ఇంకా చెల్లుతోందో లేదో వస్తుంది. ఆయా ఆధార్ జిరాక్స్‌ను నమ్మకండి. కార్డు మీది క్యూఆర్ కోడ్‌ను ఆధార్ అధికారిక యాప్‌తో స్కాన్ చేస్తే అసలు ఫోటో, పేరు, పుట్టిన తేదీ కనిపిస్తాయి. పద్దెనిమిదేళ్లు నిండలేదంటే ఆ అమ్మాయిని పనిలో పెట్టుకోవద్దు. పెట్టుకునే ఆయా ఆధార్ వివరాలు మీ పరిధిలోని పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి. అంతకుముందు ఆమె పనిచేసిన రెండిళ్ల నంబర్లు ఏజెన్సీని కాదు, ఆమెనే అడిగి మాట్లాడండి.

కమిషన్ సగం చేరిన రోజు, సగం ముప్పై రోజుల తర్వాత అనండి. ఒప్పుకోని ఏజెన్సీని వదిలేయండి. అగ్రిమెంట్‌లో పెన్నుతోనైనా సరే మూడు వాక్యాలు రాయించి పక్కన వాళ్ల సంతకం, స్టాంపు వేయించండి. రీప్లేస్‌మెంట్ అంటే మనిషి వచ్చి మూడు రోజులు పనిచేసి, మేము సరే అన్నాకే. వారంలో మనిషిని పంపకపోతే మిగిలిన నెలల లెక్కన కమిషన్ వాపసు. పదకొండు నెలల్లోపు ఆ ఆయాను ఏజెన్సీ ఇంకో ఇంట్లో పెడితే కమిషన్ మొత్తం వాపసు. జీతం మాత్రం నేరుగా ఆయా ఖాతాలోనే వేయండి, ఖాతా లేకపోతే దగ్గరుండి తీయించండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే ఈ-జాగృతి వెబ్‌సైట్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, అంటే వినియోగదారుల కోర్టులో, కేసు వేయొచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. గడువు రెండేళ్లు. అడ్వాన్స్ తీసుకుని మనిషినే పంపకుండా ఫోన్ ఆపేసినవాళ్ల విషయం వేరు, అది ఆన్‌లైన్ మోసం. వెంటనే 1930కి చెప్పండి, ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపగలిగే వీలు అంత ఎక్కువ. బిల్లు, యూపీఐ రసీదు, అగ్రిమెంట్ రెండు వైపులా ఫోటోలు, వాట్సాప్ చాట్ ఎక్స్‌పోర్ట్, వాళ్లకు మీరు స్పీడ్ పోస్టులో పంపిన నోటీసు కాపీ, ఇవన్నీ ఒకచోట పెట్టుకోండి. ఏజెన్సీ నంబరును కోపంలో బ్లాక్ చేసినా సరే, చాట్ మాత్రం డిలీట్ చేయకండి.