మూడేళ్లుగా మా ఊరి వోచర్లు చూస్తున్నాను

పంచాయతీల లెక్కలు చూపించే కేంద్ర ప్రభుత్వ యాప్ ఈ-గ్రామస్వరాజ్ వచ్చింది 2020 ఏప్రిల్ 24న. నాకు అలవాటై మూడేళ్లయింది. అందులో ప్రణాళికలు, ప్రగతి నివేదికలు అంటూ చాలానే ఉన్నాయి కానీ నాకు పిచ్చి పట్టించింది మాత్రం పంచాయతీ ఖర్చుల వోచర్లు. లాగిన్ అక్కర్లేదు. హైదరాబాదులో బస్సులో నిలబడి, ఊళ్లో బ్లీచింగ్ పౌడరుకు ఎంతయిందో చూసుకోవచ్చు.

మా వీధికి సిమెంటు రోడ్డు ఎందుకు వెయ్యరని ఏళ్ల తరబడి తిట్టుకునేవాణ్ణి. వోచర్లు చూస్తే అన్నీ మోటారు రిపేర్లు, పైపులు, కాలువ పూడికలే. ఏంటా అని ఆరా తీస్తే, 2021-26 కాలానికి కేంద్రం పంచాయతీలకిచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే వాడాలట. మిగిలిన 40 శాతంలోనే మా రోడ్డు కూడా వరసలో నిలబడాలి. కోపం సగం తగ్గింది.

ఇక నా పరువు పోయిన సంగతి. రెండో ఏడు ఒక రాత్రి చూస్తుంటే ఓవర్‌హెడ్ ట్యాంకు మోటారు ఒక్క ఏడాదిలో మూడుసార్లు రిపేరైనట్టు కనిపించింది. నిద్ర పడితే ఒట్టు. స్క్రీన్‌షాట్ తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పడేశాను, కింద రెండు ప్రశ్నార్థకాలతో. తెల్లారేసరికి సర్పంచి గారి ఫోను. "ఏం బాబూ, మనూళ్లో ఓవర్‌హెడ్ ట్యాంకు ఎక్కడుందో కాస్త చూపిస్తావా? నేనూ చూస్తాను" అన్నారు. అప్పుడు వెలిగింది. మా మండలంలో 'కొత్త' అని మొదలయ్యే ఊళ్లు మూడు. చిన్న ఫోనులో నా బొటనవేలు పక్క ఊరి మీద పడింది. గ్రూపులో క్షమాపణ చెప్పాను. మా బాబాయి కొడుకు ఇప్పటికీ నన్ను "ఆడిటరు గారూ" అనే పిలుస్తాడు. అప్పటినుంచి ఊరి పేరును నమ్మను. ప్రతి పంచాయతీకీ ఎల్‌జీడీ కోడ్ అని ప్రభుత్వం ఇచ్చిన సొంత నంబరు ఉంటుంది, అది సరిచూసుకున్నాకే నోరు తెరుస్తాను.

ఊరి ఖాతా పుస్తకం జేబులో ఉన్నట్టే అని అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా అనను. డబ్బు ఎప్పుడు, ఎంత వెళ్లిందో తెలుస్తుంది, కాలువ నిజంగా తీశారా అన్నది వోచరు చెప్పదు. వివరం దగ్గర 'రిపేర్లు' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఏ మోటారో ఎవరికి తెలుసు?

ఊళ్లో ఇల్లుండి, పన్ను కడుతూ, ఏడాదికి రెండుసార్లు మాత్రమే వెళ్లే నాలాంటివాడికి ఇది బాగా పనికొస్తుంది. అక్కడే ఉండే మా అమ్మకు దీంతో పనిలేదు. కాలువ తీశారా అని ఫోన్లో అడిగితే, "వాసన రావట్లేదులే, తీసుంటారు" అంటుంది.