ఉదయగిరి, మైపాడు: నోట్‌బుక్ పట్టుకుని తిరిగిన చోట్లు

కోట బురుజులు, గాలిగోపురాలు అందరూ గీస్తారు, నాకు మాత్రం వాటి పక్కన కంపల్లో పడున్న గోడముక్కలు, సగం పూడిపోయిన మెట్లు గీసుకోవడం పిచ్చి, అందుకే ఈసారి నెల్లూరు జిల్లా పెట్టుకున్నా.

ఉదయగిరి కోటని రాయలు 1514లో గజపతుల దగ్గర గెలిచి ఇక్కడి బాలకృష్ణుణ్ణి హంపి తీసకపోయి గుడి కట్టించాడు, అది తెలిసిన కథే. పైకెక్కితే వ్యూ అదిరిపోద్ది, కాదనను, కానీ బొమ్మేసుకోడానికి కింద ఊరి అంచే బెటర్, నీడుంటది, టీ దొరుకుతది. గోడని రాయి రాయిగా గీస్తే చచ్చిపోద్ది, దాన్ని పట్టుకున్న రావి వేరు గీస్తే చాలు గోడ దానంతటదే వస్తది. గీస్తుంటే ఒకాయన వచ్చి "ఏందన్నా, సర్వే చేస్తుండారా?" అన్నాడు, బొమ్మ చూపిస్తే గానీ నమ్మలా.

ఊళ్లో లాడ్జి ఒక రాత్రికి ఓకే, దుప్పటి మాత్రం మీదే తెచ్చుకోండి. ఫ్యామిలీతో అయితే నెల్లూరులోనే దిగండి, కాకపోతే ఆత్మకూరు మీదుగా దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు, సగం రోజు బస్సులోనే పోద్ది. ఉదయగిరిలో చెక్క గరిటెలు కొనండి, జీఐ ట్యాగ్ (ఈ ఊరి ప్రత్యేకత అని సర్కారు గుర్తింపు) ఉన్న సరుకు, ఎగ్జిబిషన్లలో కన్నా ఇక్కడ చేసేవాళ్ల దగ్గర కొంటేనే తృప్తి.

నాకు ఎక్కువ పేజీలు అయిపోయింది మాత్రం మైపాడు వైపు బకింగ్‌హాం కాలువ దగ్గర. అందరూ దాన్ని దాటేసి బీచ్‌కి పోతారు, ఆగేవాడే లేడు. ఒకప్పుడు మద్రాసుకి బియ్యం, ఉప్పు, కట్టెలు పడవల్లో పోయిన దారి ఇది, రైలొచ్చాక పడవలకి పనిపోయింది. 1876-78 కరువులో తిండిలేక వచ్చిన జనానికి కూలిచ్చి ఈ కాలువ పనులు చేయించారు. అది తెలిశాక ఆ గట్టు చూస్తే ఉత్త మట్టి అనిపించదు, ఎవరో ఆకలితో తట్టలెత్తి పోసిందే కదా. కానీ గీయడానికి అక్కడ ఏముంది చెప్పండి, ఒక అడ్డ గీత, దాని కింద నీళ్లు, పైన సర్కారుతుమ్మ, అంతే! ఆ గీత ఎక్కడ కుంగిందో, ఎక్కడ గేదెలు దిగి అరిగిందో అదే పట్టుకుని కూర్చున్నా. ఉప్పుగాలికి కాగితం మెత్తబడి ఇంకు పాకుద్ది, పెన్సిల్ పెట్టుకోండి.

నెల్లూరు నుంచి ఆటో అయితే వెయిటింగ్ చార్జి ముందే తేల్చుకోండి, నాకు తిరిగొచ్చేటప్పుడు గొడవైంది. నవంబర్‌లో వానలు, తుఫాన్లు, జనవరి అయితే హాయిగా ఉంటది.