ఫ్లూ టీకా: వానలకు ముందా, చలికి ముందా?

మా నాన్నకు 68 ఏళ్లు, షుగర్ ఉంది. ఏటా అక్టోబరులో ఫ్లూ టీకా వేయించేవాళ్లం. అమెరికాలో తమ్ముడు ఆ నెలలోనే వేయించుకుంటాడని మేమూ అదే అలవాటు చేసుకున్నాం. రెండేళ్ల కిందట ఆగస్టులో ఆయనకు ఫ్లూ పట్టుకుంది. నాలుగు రోజులు 103 జ్వరం. మంచం మీద లేచి కూర్చోవాలంటే నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది. టీకా వేయించి అప్పటికి పది నెలలు. ఆ తర్వాత నుంచి మేలో వేయిస్తున్నాం.

అమెరికాలో ఫ్లూ చలికాలపు జబ్బు. మన దేశంలో అలా కాదు. జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానల్లో జులై నుంచి సెప్టెంబరు దాకా ఇంకోసారి పెరుగుతుంది. చాలా నగరాల్లో వానాకాలందే జోరు. టీకా వేశాక ఒంట్లో రక్షణ తయారవడానికి రెండు వారాలు పడుతుంది, తర్వాత నెలలు గడిచేకొద్దీ అది తగ్గుతూ పోతుంది. అక్టోబరు టీకాతో చలికాలం గడుస్తుంది కానీ, ఆగస్టు నాటికి దాని బలం తగ్గిపోతుంది.

అక్టోబరు టీకాకూ మే టీకాకూ ఇంకో తేడా కూడా ఉంది. ఫ్లూ వైరస్ ఒంటినిండా ముళ్లలాంటి ప్రొటీన్లు ఉంటాయి. వాటిని మన శరీరానికి ముందే పరిచయం చేయడమే టీకా పని. ఇంజెక్షన్‌లో ఉండేది బతికున్న వైరస్ కాదు, కాబట్టి దానివల్ల ఫ్లూ రాదు. అయితే ఆ ముళ్ల రూపం మారుతూనే ఉంటుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి, టీకాలో ఏ రకాలు ఉండాలో చెబుతుంది. మేలో వేయించేటప్పుడు సెప్టెంబరులో చెప్పిన రకాలతో కొత్తగా వచ్చిన సదరన్ హెమిస్ఫియర్ (దక్షిణార్ధగోళపు) టీకా ఉందా అని అడగండి. ఏ సీజన్‌దో పెట్టె మీద చూపించమనండి, మొహమాటపడొద్దు.

నాన్నకు మేలో వేయించిన ఏడాదే అమ్మకూ వేయించాం. జులైలో ఆమెకు ఒకటే వాంతులు, విరేచనాలు. "ఇంజెక్షన్ దండగే కదే!" అంది. కాదమ్మా, అది వేరే జబ్బు. ఫ్లూ పట్టేది ముక్కు, గొంతు, ఊపిరితిత్తులను. పిల్లలకు ఫ్లూలో వాంతులు అవ్వచ్చు కానీ, పెద్దలకు దగ్గూ జలుబూ లేకుండా ఇలా పట్టుకుంటే కడుపును పట్టే నోరోవైరస్ లాంటివాటిని అనుమానించాలి. వాటిమీద ఫ్లూ టీకా పనిచేయదు. నోరోవైరస్‌కు శానిటైజర్ కూడా సరిగా పనిచేయదు, సబ్బుతో చేతులు రుద్ది కడగాల్సిందే. ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండాలి. పసిపిల్లల విరేచనాలకు పెద్ద కారణమైన రోటావైరస్‌కు మాత్రం చుక్కల మందు ఉంది, 6, 10, 14 వారాల వయసులో వేస్తారు. 2016లో దేశంలో ముందుగా మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

మరి అక్టోబరు ఎవరికి మేలు? చలికాలం పిల్లల దగ్గర గడపడానికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు. చెన్నై, వెల్లూరు వైపు ఉండే మనవాళ్లకు కూడా, ఎందుకంటే అక్కడ అక్టోబరు తర్వాతే ఎక్కువ. మిగతావాళ్లకు నా ఓటు మే నెలకే.

టీకాలోని రకాలు బయట తిరిగే వైరస్‌తో సరిగ్గా కుదిరిన ఏడాదిలోనూ ఫ్లూ టీకా ఆపేది నూటికి 40 నుంచి 60 పాళ్లే. అయినా షుగర్, గుండెజబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లకు, గర్భిణులకు అది చిన్న సాయం కాదు. మేలో కుదరక జులై వచ్చేసినా సరే, వచ్చే ఏడాది చూద్దాంలే అనుకోకుండా డాక్టరును అడిగి వేయించేయండి.